శీతకాలపు లెక్క

హేమంత శిశిరాలు మన తెలుగువారికి బాధపెట్టే ఋతువులు కావు. ధాన్యం ఇంటికి చేరే కాలమది. ముంగిట ముగ్గులు, గొబ్బెమ్మలు, భోగిమంటలు, చిక్కుడు పాదు మీద మంచుబిందువులు - చలికాలం అనగానే మన మనస్సులో మెదిలే దృశ్యాలివి. మనకు ప్రాణసంకటం తెచ్చేది ఎండాకాలం. చెరువులు ఇంకిపోయి, పశువులకు గడ్డిపోచ కరవై, అడవిలోని జింక గుక్కెడు నీటికోసం ఊరి పొలిమేర దాకా వచ్చేది ఆ నెలల్లోనే. కాని, చలికాలమే గండంగా మారే దేశాలు భూమి మీద అనేకం ఉన్నాయి. అమెరికాలో కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న మిన్నెసోటా రాష్ట్రం అటువంటి ప్రాంతం. అక్కడ టవర్ అనే ఊరి సమీపంలో 1996 ఫిబ్రవరి 2న ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 51 డిగ్రీల సెంటీగ్రేడుకు పడిపోయింది. మనుషులకైతే ఇళ్ళున్నాయి, కంబళ్ళున్నాయి, నిప్పు ఉంది. కప్పుకోవడానికి కంబళి గాని, కాచుకోవడానికి నిప్పు గాని, దాచుకోవడానికి గాదె గాని లేని అడవి ప్రాణులు అంతటి చలిని ఏ విధంగా దాటుతాయి?

ఈ ప్రశ్నకు పుస్తకాల్లో ఉన్న సమాధానం నాకు తెలిసినదే. ముప్పై ఏళ్ళకు పైగా జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించినవాణ్ణి. ఉష్ణరక్త జీవులు తమ శరీరోష్ణాన్ని స్థిరంగా నిలుపుకొనే తీరును నల్లబల్ల మీద బొమ్మలు గీసి ఎన్నోసార్లు వివరించాను. అయితే ఆ పాఠానికి ప్రాణం వచ్చి నా కళ్ళ ముందు నడయాడింది మాత్రం ఉద్యోగ విరమణ అనంతరం, మా అమ్మాయి ఇంట్లో గడిపిన ఆరు నెలల్లోనే. 2013 నవంబరు మొదటి వారంలో నేనూ, నా సహధర్మచారిణీ మిన్నెసోటా మధ్యభాగంలోని ఒక చిన్న ఊరికి వెళ్ళి, మరుసటి ఏప్రిల్ చివరివరకు అక్కడ ఉన్నాం. ఇల్లు ఊరి చివర ఉండేది. పెరటి కంచె దాటితే ఓక్, మేపుల్, ఆస్పెన్ చెట్ల అడవి. పల్లంలో పైన్, స్ప్రూస్ చెట్ల తోపు. దాని పక్కగా సన్నని వాగు. ఆ వాగు కావల కోతలు ముగిసిన మొక్కజొన్న చేలు. వంటింటి కిటికీ దగ్గర నిలబడితే ఇదంతా కనిపించేది. పొరుగింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. రాష్ట్రానికి ఉత్తరాన ఉన్న అడవుల్లో దశాబ్దాల పాటు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఎనభై ఏళ్ళకు దగ్గరపడినా ప్రతి ఉదయం అడవిలోకి నడిచి వచ్చేవారు. నా వృత్తి ఏమిటో తెలిసిన తరువాత నన్ను కూడా వెంట తీసుకువెళ్ళడం మొదలుపెట్టారు.

మొదటి రోజే ఆయన ఒక మాట అన్నారు: "శీతకాలాన్ని ప్రాణులు జనవరిలో గెలవవు. అక్టోబరులోనే గెలుస్తాయి, లేదా ఓడిపోతాయి." దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మన సామెత నాకు ఆ క్షణంలో గుర్తుకు వచ్చింది.

అక్కడి జింకను తెల్లతోక జింక అంటారు. మన చుక్కల దుప్పి కంటే కొంత పెద్దది. బెదిరి పరుగెత్తేటప్పుడు తోక పైకెత్తుతుంది. తోక అడుగుభాగం తెల్లజెండాలా మెరుస్తుంది. వేసవిలో దాని చర్మం మీద పలుచని ఎర్రని వెంట్రుకలుంటాయి. శరత్కాలం వచ్చేసరికి అవి రాలిపోయి, బూడిద గోధుమ వన్నెలో దట్టమైన శీతకాలపు కోటు మొలుస్తుంది. ఈ కోటుకు రెండు పొరలు. పై పొరలోని వెంట్రుకలు పొడవైనవి, లోపల బోలుగా ఉంటాయి. ఆ బోలులో గాలి నిలుస్తుంది. వాటి కింద ఉన్నివంటి మెత్తని నూగు ఉంటుంది. గాలి ఉష్ణాన్ని సులభంగా పోనీయదు కనుక, జింక తన ఒంటిచుట్టూ ఒక గాలిగోడ కట్టుకున్నట్లే. మంచు కురుస్తున్న ఒక ఉదయం తోపు అంచున పడుకొని ఉన్న జింకను పెద్దాయన నాకు చూపించారు. దాని వీపు మీద నాలుగు వేళ్ళ మందాన మంచు పేరుకొని ఉంది. ఆ మంచు కరగడం లేదు. లోపలి వేడి ఏమాత్రం బయటికి రావడం లేదనడానికి అంతకంటె నిదర్శనమేమి కావాలి?

శరత్కాలంలో జింకలు చేసే మరో పని ఒంటికి కొవ్వు పట్టించడం. ఓక్ చెట్లు రాల్చే కాయల కోసం అవి ఆ నెలల్లో ఆరాటంగా తిరుగుతాయి. ఆ కాయల్లోని పిండి, నూనె పదార్థాలు చర్మం కింద, మూత్రపిండాల చుట్టూ, ఎముకల మూలుగలో కొవ్వుగా నిలుస్తాయి. ఈ నిల్వే జింకకు గాదె. మంచు కురిసిన తరువాత అడవిలో దొరికేది ఈ గాదెను నింపడానికి చాలదు. ఖర్చును కొంత ఆలస్యం చేయడానికి మాత్రమే ఉపయోగపడుతుంది.

డిసెంబరు రెండవ వారానికి నేలంతా మంచు కిందికి పోయింది. గడ్డి లేదు, ఆకు లేదు. జింకలకు మిగిలింది చెట్ల లేత రెమ్మలు, వాటి కొనలమీది మొగ్గలు. పుల్లలు తిని బ్రతకడమంటే మనకు ఆశ్చర్యంగా తోస్తుంది. కాని జింక నెమరువేసే జంతువు. నాలుగు గదులున్న దాని పొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తాయి. ఋతువును బట్టి ఆ సూక్ష్మజీవుల సమూహం కూడా క్రమక్రమంగా మారుతుంది. వేసవిలో పచ్చని ఆకును జీర్ణం చేసే సమూహం, శీతకాలం నాటికి కర్రరెమ్మల్లోని పీచును జీర్ణం చేసే సమూహంగా మారుతుంది. ఈ మార్పుకు రోజులు కాదు, వారాలు పడుతుంది. పాఠకులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. దీని అవసరం మనకు మళ్ళీ వస్తుంది.

నన్ను అన్నింటికంటె ఆశ్చర్యపరచిన విషయం వేరొకటి ఉంది. శీతకాలంలో జింక తిండి తగ్గించుకుంటుంది. తిండి దొరకక కాదు. కావలసినంత మేత ముందు పెట్టి పోషించిన జింకలు కూడా ఆ నెలల్లో తక్కువే తింటాయనీ, బరువు తగ్గుతాయనీ పరిశోధకులు గమనించారు. దాని శరీరం ఆ విధంగా ఏర్పడింది. నడక తగ్గిస్తుంది. గాలి తగలని చోటు చూసుకొని గంటల తరబడి ముడుచుకొని పడుకుంటుంది. మధ్యాహ్నం ఎండ పడే దక్షిణపు వాలులో కాసేపు నిలబడుతుంది. మళ్ళీ పడుకుంటుంది. పిండి కొద్దీ రొట్టె అంటాం కదా. వంట చేసే ఇల్లాలికి తెలిసిన ఈ పొదుపు ఆ మూగజీవి నరనరాన ఉన్నది. వసంతం వచ్చేనాటికి ఆరోగ్యంగా ఉన్న జింక సైతం తన బరువులో ఐదోవంతు దాకా కోల్పోతుంది. అది రోగం కాదు, దాచుకున్నది లెక్క ప్రకారం ఖర్చుపెట్టడం.

ఉత్తరాన, మంచు మరింత లోతుగా పడే అడవుల్లో జింకలు ఇంకొక ఉపాయం చేస్తాయని పెద్దాయన చెప్పేవారు. సెడార్ వంటి సతతహరిత వృక్షాలు దట్టంగా ఉన్న పల్లపు తోపులకు అవి మైళ్ళ దూరం నుండి తరలివస్తాయి. ఆ చెట్ల కొమ్మలు పందిరివలె మంచును పైనే ఆపుతాయి. గాలివేగాన్ని తగ్గిస్తాయి. రాత్రివేళ నేలలోని వేడి ఆకాశానికి ఎగిరిపోకుండా కొంత అడ్డుకుంటాయి. పదులకొద్దీ జింకలు ఒకే దారిలో నడవడం వల్ల మంచు అణగి గట్టి బాటలు ఏర్పడతాయి. జింక రొమ్ము ఎత్తుకు మంచు చేరితే అది నడవడం లేదు, ఈదుతున్నదనే అనాలి. ఆ స్థితిలో ఒక్క ఫర్లాంగు నడకకు అయ్యే ఖర్చు దాని ప్రాణం మీదికి తెస్తుంది. అదే తొక్కిన బాట ఉంటే మేతకూ పోవచ్చు, తోడేలు తరిమినప్పుడు తప్పించుకోనూ వచ్చు. ఒంటరిగా తిరిగే జింకలు కూడా ఆ నెలల్లో సమూహంగా బ్రతకడంలోని అర్థం ఇదే. ఒకరి అడుగు మరొకరికి బాట.

ఇక టర్కీ కోళ్ళ సంగతి. ఫారాల్లో పెంచే బరువైన తెల్లకోళ్ళు వేరు, ఈ అడవి పక్షులు వేరు. కంచురంగు మెరుపుతో నల్లని ఈకలు, పొడవైన కాళ్ళు, చురుకైన చూపు. వీటి కథ మనుషుల కథతో ముడిపడి ఉంది. వేటవల్ల, అడవుల నరికివేతవల్ల 19వ శతాబ్దం చివరినాటికి మిన్నెసోటాలో ఇవి అంతరించాయి. తరువాత ఫారాల్లో పొదిగించిన పిల్లలను అడవుల్లో వదిలిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరకు 1973లో మిస్సోరీ రాష్ట్రపు అడవుల నుండి పట్టి తెచ్చిన 29 పక్షులను ఆగ్నేయ మూలనున్న హ్యూస్టన్ కౌంటీలో వదిలారు. అవి నిలదొక్కుకున్నాయి. అక్కడ పెరిగిన పక్షులను పట్టి ఇతర ప్రాంతాలకు చేర్చారు. ఈనాడు ఆ రాష్ట్రంలో అడవి టర్కీలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఫారంలో పుట్టిన పిల్ల ఎందుకు బ్రతకలేదు? ఏ చెట్టెక్కాలో, ఏ ఊటదగ్గర నేల మెత్తగా ఉంటుందో, ఏ రోజు కదలకుండా ఉండాలో దానికి నేర్పే తల్లి లేదు. శీతకాలాన్ని దాటే విద్య రెక్కల్లో ఎంత ఉందో, తల్లి వెంట తిరిగిన మొదటి ఏడాదిలోనూ అంతే ఉందన్నమాట.

టర్కీ ఒంటిమీద అయిదారు వేల ఈకలుంటాయి. చలిలో అది ఈకలను ఉబ్బించి, వాటి నడుమ గాలిని నింపుకొని బంతివలె కూర్చుంటుంది. ఈకలు లేని కాళ్ళను పొట్ట కింద దాచుకొని, తలను రెక్కలో దూర్చుకుంటుంది. కాళ్ళలోకి దిగే వెచ్చని రక్తం, పైకి వచ్చే చల్లని రక్తానికి తన వేడిని ఇచ్చిపోతుంది. అందువల్ల పాదాలు చల్లగా ఉన్నా గుండె దగ్గర వేడి తగ్గదు. రాత్రిళ్ళు ఈ పక్షులు నేలమీద ఉండవు. చీకటి పడేముందు బరువైన రెక్కల చప్పుడుతో ఒక్కొక్కటే పైన్ చెట్లెక్కి, గాలి తగలని కొమ్మలమీద బారులు తీరేవి.

2014 జనవరి 6వ తేదీ నాకు బాగా గుర్తుంది. చలి తీవ్రత దృష్ట్యా మిన్నెసోటా గవర్నరు ఆ రోజు రాష్ట్రమంతటా పాఠశాలలను మూయించారు. ముఖం బయటపెడితే నిమిషాల్లో చర్మం గడ్డకట్టే ప్రమాదముందని రేడియో హెచ్చరిస్తూనే ఉంది. కిటికీలోంచి చూస్తే తోపులో పదకొండు టర్కీలు. తెల్లవారి పొద్దెక్కినా దిగలేదు. మరునాడు కూడా దిగలేదు. అవి చచ్చిపోయి కొమ్మలకు అతుక్కుపోయాయేమోనని నా శ్రీమతి భయపడింది. మూడోనాడు గాలి తగ్గింది. అప్పుడు ఒక్కొక్కటే రెక్కలు విదిల్చి కిందికి వాలాయి. ఆరోగ్యంగా ఉన్న అడవి టర్కీ సుమారు రెండు వారాలు ఏమీ తినకుండా ఉండగలదని పెద్దాయన చెప్పారు. ప్రతికూల సమయంలో తిండికోసం బయలుదేరి ఉన్న శక్తిని పోగొట్టుకోవడం కంటె, ఆకలితో కదలకుండా కూర్చోవడమే లాభమని ఆ పక్షికి తెలుసు.

దిగివచ్చిన టర్కీలు చేసిన పని ఇంకా చూడదగినది. అరడుగు లోతు మంచునైతే అవి కాళ్ళతో గీరి కింద ఉన్న గింజను తీసుకుంటాయి. అడుగుకు మించిన పొడిమంచులో వాటికి నడకే సాధ్యం కాదు. అటువంటప్పుడు అవి జింకల బాటలు పట్టుకుంటాయి. జింక తన గిట్టలతో మంచును తవ్వి ఓక్ కాయలు తిని ముందుకు పోతే, వెనుక వచ్చిన టర్కీ ఆ గుంటలో మిగిలినవి ఏరుకుంటుంది. గట్టి పెంకు ఉన్న ఆ కాయలను అలాగే మింగుతుంది. దాని కందనకాయ వాటిని పిండి చేస్తుంది. మన నల్లమల అడవుల్లో కొండముచ్చులు చెట్టుమీదినుండి రాల్చే ఆకులు, పండ్లకోసం కింద దుప్పులు గుమికూడడం నేను చూశాను. దేశం వేరు, ఋతువు వేరు. కాని ఒక ప్రాణి వదిలినది మరొక ప్రాణికి మేత అయ్యే వ్యవస్థ రెండుచోట్లా ఒకటే.

ఈ కష్టకాలాన్ని అంకెల్లో లెక్కించే పద్ధతి ఒకటి ఆ రాష్ట్రంలో ఉంది. నవంబరు నుండి మే వరకు, నేలమీద 15 అంగుళాలు లేదా అంతకు మించి మంచు ఉన్న ప్రతి రోజుకు ఒక పాయింటు. ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 18 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరిన ప్రతి రోజుకు మరొక పాయింటు. మొత్తం నూరు దాటకపోతే అది తేలికైన శీతకాలం. నూట ఎనభై దాటితే కఠినమైనది. ఆ ఏడు ఉత్తరాన అనేకచోట్ల నూట ఎనభై దాటింది. వినడానికి ఇది పొడి లెక్కే. కాని ఆ పాయింట్లలో ఒక్కొక్కటి ప్రతి జింక ఒంట్లోని కొవ్వులోంచి తీసుకున్న రోజువారీ సుంకమని తెలిసిన తరువాత ఆ అంకెలు నాకు వేరుగా కనిపించసాగాయి.

సుంకం చెల్లించలేనివి ముందుగా పిల్లలే. జింకపిల్ల శరీరం చిన్నది కనుక వేడి త్వరగా పోతుంది. తిన్నదంతా ఎదుగుదలకే ఖర్చుకావడంతో కొవ్వు అంతగా నిల్వ ఉండదు. పైగా, పెద్ద జింకలు ముందరి కాళ్ళెత్తి నిలబడి అందుకొనే రెమ్మలు దానికి అందవు. ఫిబ్రవరి నాటికి ఆ తోపులోని చెట్లకు ఒక ఎత్తు వరకు రెమ్మన్నది లేకుండా పోయింది. దూరంనుండి చూస్తే ఎవరో తాడు పట్టి కత్తిరించినట్లు ఒకే గీత. ఆ గీతకు పైన జీవం ఉంది; కింద ఆకలి ఉంది.

మా పెరటి కంచె దగ్గరకు ఒక తల్లిజింక రెండు పిల్లలతో వచ్చేది. ఒక పిల్లకు ఎడమ చెవి కొన చీలి ఉండేది. డిసెంబరులో గంతులు వేసిన ఆ పిల్ల, ఫిబ్రవరి చివరకు తల వేలాడేసి తల్లి వెనుక అడుగులో అడుగు వేస్తూ నడిచేది. తుంటి ఎముకలు బయటికి కనిపించేవి. అది కంచె బయట నిలబడి కిటికీవైపు చూసినప్పుడల్లా నా శ్రీమతి కలత పడేది. ఆమెది అనంతపురం జిల్లా పల్లె. కరువు రోజుల్లో గంజికేంద్రాల ముందు వరుసకట్టిన జనం కథలు, మేత లేక పశువులను తోలుకుపోయిన వీధుల కథలు వింటూ పెరిగింది. ఒకనాటి సాయంత్రం ఆమె ఇక ఆగలేకపోయింది.

"ఏమండీ, బస్తా మొక్కజొన్నలు కొనే స్థోమత మనకుంది. గుమ్మం ముందు ప్రాణి ఆకలితో కృశించి పోతూంటే అద్దం వెనుక వెచ్చగా కూర్చుని చూడడం ఏ ధర్మం?"

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయి మాత్రం, "అమ్మా, పక్కింటి పెద్దాయన్ని ఒక్కమాట అడిగి చేద్దాం" అన్నది.

పెద్దాయన వచ్చారు. ఆమె ప్రశ్నను తేలికగా తీసిపారేయలేదు. చాలాసేపు మౌనంగా ఉండి, తరువాత చెప్పారు. కర్రరెమ్మలకు అలవాటుపడిన పొట్టలోకి ఒక్కసారిగా మొక్కజొన్న పడితే, అక్కడి సూక్ష్మజీవులు దానిని తాళలేవు. పిండిపదార్థం వేగంగా పులిసి పొట్ట ఆమ్లంతో నిండిపోతుంది. జింక రెండు మూడు రోజుల్లో చనిపోవచ్చు. "నిండిన పొట్టతో చచ్చిన జింకలను నేను నా చేతులతో కోసి చూశానమ్మా" అన్నారాయన. మేత ఒకచోట కుప్పపోస్తే జింకలన్నీ అక్కడ గుమికూడి ఒకదాని ఎంగిలి మరొకటి తింటాయి. 1967లో కొలరాడో రాష్ట్రంలో మొదటగా గుర్తించిన, జింకల మెదడును తినివేసే క్షయవ్యాధి అప్పటికే మిన్నెసోటా అడవుల్లో ప్రవేశించింది. 2010లో వేటాడిన ఒక జింకలో అది బయటపడింది. ఆ వ్యాధి సోకిన జింక బ్రతకదు. దయతో పెట్టిన కుప్ప చుట్టూ ఆ వ్యాధి పాకే ప్రమాదం ఉంది.

ఈ విషయంపై ఆ రాష్ట్రంలోనూ ఏకాభిప్రాయం లేదు. ఆ మార్చి నెలలోనే, వేటగాళ్ళ సంఘం కోరిక మీద ఉత్తరాన కొన్ని ప్రాంతాల్లో, జింక పొట్టకు సరిపడేలా తయారుచేసిన దాణాను అత్యవసరంగా పంచడానికి ప్రభుత్వం అనుమతించింది. పెట్టాలనేవారి మాటలోనూ న్యాయముంది. వద్దనేవారి మాటలోనూ న్యాయముంది. ఇద్దరిదీ జింక మీది ప్రేమే.

నా శ్రీమతి అంతా విని, "అయితే పెట్టదగినది ఏదీ లేదా? చూస్తూ ఊరుకోవడమేనా?" అని అడిగింది.

మరునాడు ఉదయం పెద్దాయన తోపు అంచున యంత్రపు రంపంతో పని మొదలుపెట్టారు. వచ్చే ఏటి వంటచెరకు కోసం ప్రతి సంవత్సరం కొన్ని మేపుల్, ఆస్పెన్ చెట్లను ఆయన తన స్థలంలో కొడతారట. ఆ ఏడు ఆ పనిని మార్చికి జరిపారు. మొదళ్ళను ముక్కలు చేసి తీసుకొని, తలలను మాత్రం పడినచోటనే వదిలేశారు. ఇన్నాళ్ళూ నలభై అడుగుల ఎత్తున ఉండిన లేతరెమ్మలు, మొగ్గలు జింకపిల్ల నోటికి అందేంత కిందికి వచ్చాయి. అది కొత్త మేత కాదు. వాటి పొట్టకు అలవాటైన మేతే. ఒకచోట కుప్పగా లేదు. తోపు పొడుగునా పరచుకొని ఉంది. ఆ రాత్రి వెన్నెల్లో ఎనిమిది జింకలు వచ్చి మేశాయి. ఉత్తరపు అడవుల్లో రంపం చప్పుడు వింటే జింకలు పారిపోవడానికి బదులు దగ్గరకు వస్తాయని ఆయన చెప్పారు. నా శ్రీమతి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. అన్నం పెట్టడమంటే మనకు తోచింది పెట్టడం కాదు, ఆకలిగొన్నదాని కడుపుకు తగినది పెట్టడమని ఆమె ఆ రాత్రి నాతో అన్నది.

అయినా చెవి చీలిన పిల్ల దక్కలేదు. మార్చి చివరి వారంలో, మంచు మెత్తబడడం మొదలైన తరువాత, వాగు ఒడ్డున పడివుండగా కనిపించింది. ఒంటిమీద గాయం లేదు. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని, దాని వెనుక కాలి ఎముకను విరిచి నాకు చూపించారు. ఆరోగ్యంగా ఉన్న జింక మూలుగ తెల్లగా, గడ్డ నెయ్యిలా ఉంటుంది. దీనిది ఎర్రగా, పలుచగా, గంజిలా ఉంది. చర్మం కింది కొవ్వు అయిపోయింది, మూత్రపిండాల చుట్టూ ఉన్నది అయిపోయింది, చిట్టచివరకు మూలుగలో దాచినది కూడా అయిపోయింది. తన చివరి కాసు వరకు అది ఖర్చుపెట్టి పోరాడింది. ముప్పై ఏళ్ళ నా బోధనలో ఎముక నిర్మాణాన్ని ఎన్నిసార్లు వివరించానో లెక్కలేదు. ఎముక ఒక ప్రాణి జీవిత లెక్కల పుస్తకం కాగలదని నేను తెలుసుకున్నది మాత్రం ఆ వాగు ఒడ్డుననే.

నాలుగు రోజుల్లో ఆ కళేబరం అక్కడ లేదు. మాలకాకులు వచ్చాయి, నక్కలు వచ్చాయి, ఒక గ్రద్ద వచ్చింది. వాటికీ అది కఠినమైన శీతకాలమే. వాటి గూళ్ళలోనూ, బొరియల్లోనూ పిల్లలు కలిగే కాలం అదే. ప్రకృతి క్రూరమైనదని కొందరంటారు, కరుణామయి అని మరికొందరంటారు. ఈ రెండు మాటలూ మనుషుల కొలతలే. ప్రకృతిలో ఉన్నది లెక్క. ఒకచోట వ్రాసిన ఖర్చు మరొకచోట జమగా కనిపిస్తుంది. అయితే, ఆ లెక్కను చూసి కన్నీరు పెట్టగలిగినది మనిషి ఒక్కడే. ఆ కన్నీరు వ్యర్థం కాదు. దానికి తెలివి తోడైతే అది ఉపకారం అవుతుంది. తెలివి తోడు కాకపోతే, ప్రాణం తీసే మొక్కజొన్న కుప్ప అవుతుంది.

మనిషి చేయగల ఉపకారం మార్చి నెలలోది కాదు. గాలికి అడ్డుగా నిలిచే సతతహరిత తోపులను నరకకుండా ఉంచడం, కాయలు రాల్చే ఓక్ చెట్లను పెరగనివ్వడం, వాగుల ఒడ్డున ఊటలను పూడ్చకుండా ఉండడం - ఇవి ఏళ్ళ తరబడి చేయవలసిన పనులు. ఒకప్పుడు టర్కీలను తుడిచిపెట్టింది మనుషులే, 1973లో 29 పక్షులతో వాటిని తిరిగి నిలిపిందీ మనుషులే. మన దేశంలో ఎండాకాలపు కరువును దాటే దుప్పులకు, కణుజులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. వేసవిలో అటవీ సిబ్బంది సాసరు గుంతల్లో పోసే నీరు అత్యవసరమైనదే. కాని అడవి తనంతట తాను నీటిని దాచుకోగలిగేలా వాగులనూ, చెట్లనూ కాపాడుకోవడం దానికంటె ముఖ్యమైనది. కష్టకాలంలో చేయి చాపడం దయ. కష్టకాలం రాకముందే ఆసరాలను నిలబెట్టడం వివేకం.

ఏప్రిల్ నెలాఖరున మేము బయలుదేరేనాటికి చేలగట్ల మీద పచ్చిక తల ఎత్తింది. మగ టర్కీలు తోకలు విసనకర్రల్లా విప్పి నాట్యమాడుతున్నాయి. తల్లిజింక మిగిలిన పిల్లతో వాగు దాటి మేతకు పోతున్నది. నవంబరులో గర్భం ధరించిన జింక సుమారు రెండు వందల రోజులు మోస్తుంది. కడుపులోని పిల్ల శీతకాలమంతా నిదానంగా పెరిగి, పచ్చిక మొలిచే వేళకు త్వరత్వరగా ఎదుగుతుంది. తల్లి చేతిలో తిండి లేని రోజుల్లో తానూ అడగకుండా ఓపికపట్టిన పిల్ల అది. జూన్ మొదటి వారంలో మా అమ్మాయి ఫోన్ చేసి, ఆ తల్లిజింక మళ్ళీ ఇద్దరు పిల్లలతో కంచె దగ్గరకు వచ్చిందని చెప్పింది. నా శ్రీమతి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ ఏడు ఓక్ చెట్లు కాపు పట్టేలా ఉన్నాయా?" అని.

ఆ ప్రశ్నలో జాలి ఉంది, జ్ఞానమూ ఉంది. జూన్ నెలలోనే రాబోయే జనవరిని గురించి ఆలోచించడం ఆమెకు ఆ అడవి నేర్పిన విద్య.